తలుపు వెనక గీతలు

బస్సు పిడుగురాళ్ల చేరేసరికి సగం మంది నిద్రలో ఉన్నారు. నేను కిటికీ అద్దం కాస్త జరిపి కూర్చున్నాను. సున్నం బట్టీల వాసన కొట్టింది. ఎలా ఉంటుందో చెప్పమంటే కష్టం, కాలిన రాయి వాసన, ముక్కులోపల పొడిగా గీరినట్టు ఉంటుంది, ఆ రోడ్డున తిరిగేవాళ్లకి తెలుసు. పక్కసీటాయన "అద్దం వెయ్యండి సార్, దుమ్ము" అన్నాడు. వేశాను. కానీ అప్పటికే మా నాయనమ్మ గుర్తొచ్చేసింది, ఆమెతో పాటు రంజానూ గుర్తొచ్చింది.

హైదరాబాద్‌లో మా ఆఫీసులో రంజాన్ అంటే చాలామందికి హలీం. తప్పేం లేదు, నేనూ తింటాను. నాకు మాత్రం రంజాన్ అంటే తడి సున్నం. ఎందుకంటే మా ఇంట్లో ఆ నెల నిజంగా మొదలయ్యేది దానికి ముందు నెలలో, షాబాన్‌లో. మొదలయ్యేది సున్నంతోనే.

మేం దూదేకులవాళ్లం. కాగితాల మీద నూర్‌బాషా అని ఉంటుంది. నరసరావుపేట పక్కన పల్లె. ఇంట్లో మాట్లాడేది తెలుగే, తిట్టుకునేదీ తెలుగులోనే. నాయనమ్మ జీవితంలో ఒక్కసారి కూడా "రోజా" అనడం నేను వినలేదు, "ఒక్కపొద్దు" అనేది. పక్కింటివాళ్లు కార్తీక సోమవారం ఉండేదీ ఒక్కపొద్దే, మేం నెలంతా ఉండేదీ ఒక్కపొద్దే. "మీకు రాత్రి తినొచ్చుగా" అని వాళ్లు, "మీకు నీళ్లు తాగొచ్చుగా" అని మా నాయనమ్మ, ప్రతి ఏడూ అదే వాదన, ఎవరూ గెలిచింది లేదు.

సున్నం రాళ్లు పిడుగురాళ్ల నుంచే వచ్చేవి, గోనెసంచిలో. తాత వాటిని పాత నూనె డ్రమ్ములో వేసి నీళ్లు పోసేవాడు. మొదట ఏమీ కాదు. కాసేపటికి రాయి చిట్లిన చప్పుడు, తర్వాత ఇంకొకటి, ఆ తర్వాత డ్రమ్ము మొత్తం కుతకుతమని పొయ్యి లేకుండానే ఉడికిపోయేది. పిల్లలం దగ్గరికి పోతే కళ్లు పోతాయని తరిమేవాళ్లు. మర్నాటికి అది మీగడలా పేరుకునేది, అందులో కాస్త జిగురు, కాస్త నీలిమందు. ముందు ఇంటికి ఒక పూత. మిగిలింది షాబాన్ సగంలో వచ్చే షబేబరాత్ రోజున సమాధులకి. తాత, నాన్న, బాబాయి కొడవళ్లు తీసుకుపోయి ఏడాదిగా పెరిగిన ముళ్లకంప కొట్టి, రాళ్లకి సున్నం వేసి వచ్చేవాళ్లు. చీకటి పడ్డాక పూలు, అగరొత్తులు, పోయినవాళ్ల కోసం ఫాతెహా. ఆడవాళ్లు లోపలికి వెళ్లేవాళ్లు కాదు. నాయనమ్మ గేటు బయట నిలబడి "మా అమ్మ రాయికి రెండు పూతలెయ్యమని చెప్పరా" అని నాతో కబురు పంపేది.

ఇంటికి సున్నం వేయడానికి మాత్రం ఒక అడ్డంకి ఉండేది.

నడింట్లోంచి వంటింట్లోకి వెళ్లే తలుపు ఒకటి ఎప్పుడూ గోడకి వారగా తెరిచే ఉండేది. ఆ తలుపు వెనక గోడ మీద బొగ్గుతో గీసిన గీతలు. మడతబందు దగ్గర నాయనమ్మవి, వాటి కింద అమ్మవి, పక్కన పెళ్లికాని మా చిన్నత్తవి. ఎవరి గీతలు వాళ్లవి, కలిసిపోకుండా మధ్యలో జానెడు ఖాళీ. రంజాన్‌లో ఆడవాళ్లకి కొన్ని రోజులు ఒక్కపొద్దు ఉండటం కుదరదు, కాన్పులప్పుడు కుదరదు, జ్వరాలొస్తే కుదరదు. వదిలేసినవి తర్వాత లెక్కకి ఉండి తీర్చాలి. వాటిని ఖజా ఒక్కపొద్దులు అనేవాళ్లు. చదువు రాని ఇంట్లో ఆ లెక్కకి పుస్తకం అదే. ఒక ఒక్కపొద్దు తీర్చినప్పుడల్లా, సాయంత్రం విడిచాక, గ్లాసులో మిగిలిన నీళ్లలో బొటనవేలు ముంచి ఒక గీత తుడిచేసేది నాయనమ్మ. గట్టిగా రుద్దేది కాదు. గోడమీద బూడిదరంగు మరక ఒకటి మిగిలేది.

ఇంటికి సున్నం వేస్తే గీతలు పోతాయి. కాబట్టి షాబాన్ వచ్చిందంటే ఇంట్లో హడావిడి. "సున్నం పడేలోపు మీ బాకీలు తీర్చుకోండి" అని కోడలికీ కూతురికీ ఆర్డర్. వాళ్లవి ఆరో ఏడో ఉండేవి, తీర్చేసేవాళ్లు. నాయనమ్మవి మాత్రం ఎక్కువ. ఏడు కాన్పులు, మధ్యలో పోయిన పిల్లలు, పాలిచ్చిన ఏళ్లు, అవన్నీ కలిసి పాత బాకీ కొండలా ఉండేదట. యాభై దాటాక తీర్చడం మొదలెట్టింది, పొద్దు పొట్టిగా ఉండే సంక్రాంతి చలిలో వరసపెట్టి ఉండేది. ఎంత ఉన్నా కొన్ని మిగిలేవి. సున్నం ఆరాక వాటిని లెక్కపెట్టి మళ్లీ గీసుకునేది.

ఒక ఏడు తాత ఆమె సంతకి పోయినప్పుడు ఆ గోడకి సున్నం కొట్టేశాడు. పని త్వరగా అయిపోతుందని, అంతే. ఆమె వచ్చి తలుపు వెనక చూసి బుట్ట అక్కడే దించేసింది. పంతొమ్మిది అని ఆమె, పదిహేడే అని ఆయన, సాయంత్రం దాకా సాగింది. చివరికి ఆమె కొత్త గోడ మీద ఇరవైఒక్క గీతలు గీసింది. అదేందే అని ఆయన అడిగితే "అనుమానం వచ్చినప్పుడు రెండు కలుపుకోవాల. దేవుడి దగ్గర చిల్లర అడుక్కునే పని నాకొద్దు" అంది.

నేను అడిగాను ఒకసారి, మగోళ్లకి గీతలెందుకు లేవు నాయనమ్మా అని. "మగోళ్లు ఎగ్గొట్టిందానికి లెక్క రాసుకోరు నాయనా" అంది. తాత వినపడేంత దూరంలోనే ఉన్నాడు.

తాత గురించి చెప్పాలి. ఆయన ఒక్కపొద్దులు మొదటి రోజు, శుక్రవారాలు, ఇరవయ్యేడో రోజు. అంతే. అది బద్ధకం కాదు, పని అలాంటిది. ఆయన దూది ఏకే విల్లు మనిషంత పొడవు. పైన తాడుతో వేలాడదీసి, నారిని దూదిలో ఉంచి కర్రగుండుతో కొడితే టంయ్ అని మోగేది, ఆ మోతకి దూది విడివిడిగా విచ్చుకుని గాల్లోకి లేచేది. రోజంతా అదే మోత. సాయంత్రానికి తాత కనుబొమ్మలు, చెవుల మీద వెంట్రుకలు తెల్లగా అయ్యేవి. గొంతులోకి దూది నుసి పోతుంది, నీళ్లు తాగుతూ ఉండకపోతే దగ్గు ఆగదు. నా చిన్నప్పుడు రంజాన్ మండే మే నెలలో వచ్చేది, పల్నాటి ఎండల సంగతి వేరే చెప్పక్కర్లేదు. పైగా అది పెళ్లిళ్ల కాలం, పరుపుల ఆర్డర్లన్నీ అప్పుడే.

మసీదులో ముల్లాసాబు పొరుగు జిల్లా నుంచి వచ్చిన మనిషి. తాత ఆయన్ని అడిగాడు, "అయ్యా, ఈ దూది నుసి లోపలికి పోతే ఒక్కపొద్దు చెడిపోద్దా?" అని. కావాలని మింగింది కాదు కాబట్టి చెడదు అన్నాడాయన. తాత ఇంటికొచ్చి కొంచెం దిగాలుగానే చెప్పాడు ఆ మాట. చెడిపోతుంది అంటాడేమో, ఒక సాకు దొరుకుతుందేమో అనుకుని ఉంటాడు.

ఆ ముల్లాసాబే మా పిల్లలకి చదువు చెప్పేవాడు. మాకు అరబ్బీ అక్షరాలు సగం సగం వచ్చేవి, అందుకని అన్నీ తెలుగు లిపిలో నోటుబుక్కులో రాసుకునేవాళ్లం. షాబాన్ నెలంతా అదే పని, రంజాన్ వచ్చేసరికి నోటికి వచ్చెయ్యాలి. "వబి సౌమి గదిన్ నవైతు మిన్ షహ్రి రమజాన్" - తెల్లారకముందు సహర్ తిన్నాక చెప్పే నియ్యత్, అంటే ఒక్కపొద్దు ఉంటున్నానని అల్లాకి చెప్పుకునే మాట. విడిచేటప్పుడు "అల్లాహుమ్మ లక సుంతు" అని మొదలయ్యేది ఇంకోటి. తెలుగులో లేని శబ్దాల కోసం అక్షరం కింద చుక్క పెట్టుకునేవాళ్లం, ఆ చుక్కని ఎలా పలకాలో మాత్రం ఎవరికీ గుర్తుండేది కాదు. టౌన్లో ఉర్దూ మాట్లాడే చుట్టాలింటికి పోయినప్పుడు నా నియ్యత్ విని వాళ్ల పిల్లలు పడీపడీ నవ్వారు. ఇంటికొచ్చి నాయనమ్మ దగ్గర ఏడిచాను. నువ్వేం చెప్తావ్ అని అడిగాను ఆమెని. ఆమెకి ఖురాన్‌లో రెండు సూరాలు తప్ప ఏమీ రావు. "ఏముందిరా. అల్లా, రేపు ఒక్కపొద్దు ఉంటన్నా, నా నోరూ నా కడుపూ రెండూ నువ్వే చూసుకో అంటా" అంది. ముందు నోరు, తర్వాత కడుపు. ఆ వరస ఊరికే రాలేదని నాకు చాలా ఏళ్లకి తట్టింది, ఎందుకంటే నాయనమ్మ నోరు మామూలు నోరు కాదు.

ఆ నోటి వల్లే షబేబరాత్ ముందు వారం ఆమెకి ఇంకో పని పడేది. ఆ రాత్రి అల్లా అందర్నీ క్షమిస్తాడు గానీ మనసులో పగ పెట్టుకున్నవాళ్లని పక్కన పెడతాడని పెద్దవాళ్లు చెప్పేవాళ్లు. అందుకని నాయనమ్మ కొంగు నెత్తిమీదికి లాక్కుని, నన్ను వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిరిగేది. "తెలిసో తెలవకో ఏమన్నా అనుంటే మాఫ్ చెయ్యమ్మా." మా వాళ్ల ఇళ్లు అయ్యాక మిగతా బజారు కూడా. షబేబరాత్ అంటే ఏంటో తెలియనివాళ్లు కూడా "అయ్యో అదేం మాట అక్కా" అని మజ్జిగ ఇచ్చేవాళ్లు.

అన్నిచోట్లా అంత సాఫీగా జరిగేది కాదు. ఎదురింటావిడతో మురుగునీళ్ల తగాదా ఉండేది, వాళ్ల తూము మా వాకిట్లోకి వచ్చేది. ఆవిడ గుమ్మంలో నిలబడి నాయనమ్మ మొదలుపెట్టింది, "మాఫ్ చెయ్యి వదినా, ఆ రోజు నేను అట్టా అనకుండా ఉండాల్సింది. తప్పు నీదే అనుకో, అయినా గానీ..." ఇంకేముంది, ఐదు నిమిషాల్లో మళ్లీ గొంతులు లేచాయి. నేను చెయ్యి పట్టుకుని లాగితే ఇంటికి వచ్చింది. రాత్రి అన్నం తినలేదు. తెల్లారుజామున మళ్లీ ఒక్కతే వెళ్లింది. ఈసారి ఏం చెప్పిందో తెలీదు, ఆవిడ మాత్రం పొద్దున్నే తూముకి అడ్డంగా నాలుగు ఇటుకలు పెట్టించింది.

ఇప్పుడు ఆ వారం రాగానే నా ఫోన్లో నలభై మెసేజులు పడతాయి. "నా వల్ల ఏదైనా పొరపాటు జరిగి ఉంటే మన్నించండి", కింద గులాబీలు, చంద్రవంక. నిజంగా నాకు బాకీ ఉన్నవాడూ పంపుతాడు, అసలు పరిచయమే లేనివాడూ పంపుతాడు. నేనూ ఒకటి ముందుకు తోస్తాను, నూటయాభై మంది ఉన్న గ్రూపులోకి. మజ్జిగ ఎవరూ ఇవ్వరు.

వంటింటి సరంజామా గురించి పెద్దగా రాయను, అది అందరిళ్లలోనూ ఉండేదే. మిరపకాయలు దంచడం, సహర్‌కి బియ్యం వేరు చెయ్యడం. సేమ్యాల మిషన్ ఒకటి ఊరంతటికీ కలిపి ఉండేది, మంచం పట్టెకి బిగించి పిండి కూరి చేత్తో తిప్పేవాళ్లు, అది మా ఇంటి వంతు వచ్చేసరికి పిడి ఊడిపోయి ఉండేది, ప్రతి ఏడూ. మసీదు గంజి పెద్ద డేగిసాని గుంటలో మట్టీ బూడిదా వేసి తోమేవాళ్లు. సహర్‌కి లేపే ఫకీరు ముందే వచ్చి ఇళ్లు లెక్క చూసుకుపోయేవాడు, ఎవరింట్లో చంటిపిల్ల ఉంది, ఏ గుమ్మం దగ్గర డప్పు మెల్లగా కొట్టాలి అని అడిగి మరీ.

షాబాన్ ఇరవైతొమ్మిదో రోజు సాయంత్రం నెలవంక కోసం చెరువుకట్ట మీదికి అందరం. పడమటి దిక్కున మబ్బు ఉంటే ఇక టౌన్ నుంచి ఎవరో సైకిల్ మీద కబురు తేవాలి, లేకపోతే రేడియో. కనపడిందంటే తాత ఇంటికొచ్చి విల్లు నారి వదులు చేసి గోడకి తగిలించేవాడు. నెల రోజులూ మానేసేవాడని కాదు, మళ్లీ మర్నాడు సహర్ అయ్యాక బిగించి, ఎండెక్కేదాకా కొట్టి ఆపేవాడు. కానీ ఆ ఒక్క రాత్రి విల్లు బిగువు లేకుండా గోడకి ఉండాలి. ఎందుకని ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు.

నాయనమ్మ షాబాన్‌లోనే పోయింది. షబేబరాత్ అయిన రెండో రోజు. ఆ ఏడు ఇంకా ఇంటికి సున్నం వేయలేదు, సమాధులకి మాత్రం వేసి వచ్చారు. గేటు బయట నిలబడి రెండు పూతలు వెయ్యమని చెప్పిన మనిషిని మూడోనాడు అదే గేటులోంచి లోపలికి మోసుకెళ్లారు.

జనం తగ్గాక, చిన్నత్త తలుపు వెనక చూసి ఏడుపు మొదలుపెట్టింది. ఆరు గీతలు మిగిలాయి. ఏం చెయ్యాలని ముల్లాసాబుని అడిగారు. ఒకరి ఒక్కపొద్దు ఇంకొకరు ఉండి తీర్చడం కుదరదు, ఒక్కోదానికి ఒక పేదవాడికి రెండు పూటలా కడుపునిండా అన్నం పెట్టండి, ఫిద్యా అంటారు, అది చాలు అన్నాడు. నాన్న అలాగే పెట్టించాడు. అక్కడితో అయిపోయిందనుకున్నాం.

నాలుగైదు రోజులకి నీళ్లకుండ దగ్గరికి వెళ్తూ చూశాను, ఐదే ఉన్నాయి. నేను తప్పు లెక్కపెట్టాననుకున్నాను. మర్నాడు నాలుగు. నిజం చెప్తున్నా, భయంతో జ్వరం వచ్చినంత పనైంది. చనిపోయిన మనిషి గీతలు తగ్గుతున్నాయి. అమ్మకి చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు. మూడో రోజు పొద్దుగూకేటప్పుడు మగ్రిబ్ అజాన్ టైమ్‌కి ధైర్యం చేసి మంచం కింద దూరి కూర్చున్నాను, అక్కడి నుంచి తలుపు సందు కనిపిస్తుంది.

తాత వచ్చాడు. కనుబొమ్మల మీద దూది అలాగే ఉంది, పొద్దుటి నుంచీ విల్లు మోగుతూనే ఉంది ఆ రోజు. కుండలోంచి గ్లాసుతో నీళ్లు ముంచుకుని, నిలబడలేక గోడకి ఆనుకుని గొంతుక్కూర్చుని, ఒక గుక్క తాగాడు. దగ్గాడు. మళ్లీ తాగాడు. మొత్తం తాగలేదు, అడుగున కాసిని ఉంచి అందులో బొటనవేలు ముంచాడు. ఆయన వేలు లావు, కర్రగుండు పట్టి కాయకాసిన వేలు. ఒక గీత తుడవబోతే పక్క గీత కూడా సగం చెరిగింది. కాసేపు దాన్నే చూస్తూ ఉన్నాడు. తర్వాత పొయ్యి దగ్గర నుంచి బొగ్గుముక్క తెచ్చి, చెరిగిన సగం జాగ్రత్తగా మళ్లీ గీశాడు.

ముల్లాసాబు మాట ఆయనకి వినపడలేదా, విననట్టు ఉన్నాడా అనేది నాకు ఈ రోజుకీ తెలీదు. ఆరూ అయ్యాక ఇంటికి సున్నం కొట్టాడు, ఆ గోడకి రెండు పూతలు. ఆ రంజాన్‌లో మాత్రం మళ్లీ మామూలే, మొదటి రోజు, శుక్రవారాలు, ఇరవయ్యేడు.

రంజాన్ ఏటా పదీ పదకొండు రోజులు ముందుకి జరుగుతూ 33 ఏళ్లకి మొదలుపెట్టిన చోటికే వస్తుంది. 2018, 2019ల్లో మళ్లీ మేలోకి వచ్చినప్పుడు నేను ఏసీ గదిలో కూర్చుని, నీరసంగా ఉందని మధ్యాహ్నం మీటింగ్ వాయిదా వేయించాను.

ఈసారి షాబాన్ చలి చివర్లో పడింది. ఊళ్లో దిగి, సమాధుల దగ్గరికి వెళ్లి వచ్చాను. ఇప్పుడు సున్నం ఎవరూ ఉడికించడం లేదు, డబ్బాల్లో పెయింటు. అది గీరుకోదు, వాసనా రాదు. నాయనమ్మ రాయికి రెండు పూతలు, తాత రాయికి ఒకటి వేసి వచ్చాను. రెండ్రోజులు అమ్మ దగ్గర ఉన్నాను. పాత ఇల్లు అలాగే ఉంది, విల్లు మాత్రం లేదు, దూది ఏకే మిషన్లు వచ్చాక ఎవరో అడిగితే ఇచ్చేశారు. తలుపు వెనక గోడకి క్యాలెండర్ వేలాడుతోంది. దానిలో నీలం పెన్నుతో చుట్టిన అంకెలు, కొన్నిటి మీద కొట్టివేతలు. అమ్మకి షుగర్, డాక్టర్ ఒక్కపొద్దులు వద్దన్నాడు, ఫిద్యా ఇచ్చేస్తే చాలని మసీదులోనూ చెప్పారు. ఇస్తూనే ఉంది. ఈ సున్నాలేంటమ్మా అంటే "పాల లెక్క" అంది. నేను ఇంకేం అడగలేదు.

బయల్దేరే పొద్దున అన్నం మూట చేతికిస్తూ ఆమే అడిగింది.

"పోయినేడాదివి నీవెన్ని ఉండాయి?"

"చూడాలమ్మా."

"చూడాలా? యాడ చూస్తావు?"

బస్సెక్కాను. బెంగళూరు ట్రిప్పుకి రెండు, అది గ్యారంటీగా గుర్తు. జ్వరానికి మూడు. ఆడిట్ నడిచిన వారంలో నాలుగా, ఐదా? మేనమామ కొడుకు నిశ్చితార్థానికి విజయవాడ పోయినప్పుడు ఒకటి, కారులో బిర్యానీ తిన్న సంగతి గుర్తుంది కాబట్టి. పిడుగురాళ్ల దగ్గర మళ్లీ అద్దం తీశాను, ఈసారి పక్కసీటు ఖాళీ. వాడపల్లి దగ్గర కృష్ణ దాటాం, మిర్యాలగూడ దాటాం, నార్కెట్‌పల్లి వచ్చేసరికి పదకొండు దాకా తేలింది. అనుమానం ఉంది కాబట్టి రెండు కలిపి పదమూడు అని ఫోన్లో రాసుకున్నాను.

నెలవంకని బట్టి, రంజాన్‌కి ఇంకా పన్నెండో పదమూడో రోజులుంది.